నిదానానికి మార్కులు

వేగానికి బహుమతులిచ్చే పోటీలు లోకంలో కోకొల్లలు. నిదానానికి కూడా లెక్కగట్టి మార్కులు వేసే పోటీ ఒకటున్నదని, అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళిన తరువాతే తెలుసుకున్నాను. దాని పేరు నేవీ క్యారియర్. పన్నెండేళ్ళ మా దౌహిత్రునికి ఆ సరదా పట్టుకున్నది. వాడి వెంట తిరిగి నాకూ పట్టుకున్నది.

ఇది కంట్రోల్ లైన్ విమానం. దానికి కట్టిన సన్నని ఉక్కుతీగల రెండవ కొస మన చేతిలోని పిడికి ఉంటుంది. మనం నడుమ నిలబడి తిరుగుతుంటే అది మన చుట్టూ ఎగురుతుంది. పిడిని పైకి వంచితే లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. మూడవ తీగ ఇంజను వేగాన్ని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది. సాధారణంగా తిరిగేది అపసవ్యంగా, అంటే మన గుడి ప్రదక్షిణకు ఎదురు దిక్కున. తల తిరగకుండా ఉండాలంటే చుట్టూ ఉన్న చెట్లను చూడరాదు. దృష్టి విమానం మీదే నిలపాలి.

ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో అమెరికా నౌకాదళం తన వైమానిక స్థావరాలలో జాతీయ మోడల్ విమాన పోటీలకు ఆతిథ్యమిచ్చేది. ఆ సహవాసంలో పుట్టినదీ పోటీ. విమానవాహక నౌకకు ప్రతీకగా 44 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల డెక్ ఒకటి కడతారు. దాని మీద అడ్డంగా తాళ్ళు, తాళ్ళ కొసలకు ఇసుక మూటలు. 1911 జనవరి 18న యూజీన్ ఈలీ అనే వైమానికుడు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో పెన్సిల్వేనియా అనే యుద్ధనౌక మీద దిగినప్పుడు, అతని విమానాన్ని ఆపినవీ ఇటువంటి తాళ్ళూ ఇసుక మూటలే. నౌక మీద విమానం దిగడం అదే మొదలు. నూరేళ్ళు దాటినా ఆ ఉపాయం ఈ ఆటలో యథాతథంగా నిలిచి ఉన్నది.

విమానం డెక్ మీది నుంచి లేచి ఏడు చుట్లు అతివేగంగా, తరువాత ఏడు చుట్లు అతినిదానంగా తిరిగి, కొక్కెంతో తాడును పట్టుకొని దిగాలి. తీగల పొడవు 60 అడుగులు గనుక ఏడు చుట్లు దాదాపు అర మైలు. హెచ్చు వేగానికి వేరే మార్కులున్నాయి. ఆపైన హెచ్చు వేగాన్ని తక్కువ వేగంతో భాగించి పదితో గుణిస్తే వచ్చేవి నిదానానికి మార్కులు. గంటకు 80 మైళ్ళతోను, 20 మైళ్ళతోను తిరిగితే 40 మార్కులు. 80ని 100కు పెంచితే 50 అవుతాయి. అదే 20ని 10కి తగ్గిస్తే ఏకంగా 80! అయితే అప్పుడు అర మైలుకు పూర్తిగా మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలూ విమానం ముక్కు పైకెత్తి, ప్రొపెల్లర్ లాగుడుకు వేలాడుతూ గాలిలో నడిచినట్టు పోతుంది. ఏ గాలి తెరో దానిని మనవైపు నెడితే తీగలు వదులవుతాయి, పట్టు తప్పుతుంది. అందుకే చుక్కానిని వెలుపలికి వంచుతారు, వెలుపలి రెక్క కొసన బరువు పెడతారు.

కొత్తవారు ముందుగా సాదా కంట్రోల్ లైన్ విమానంతో సమతలంలో తిరగడం నేర్చుకోవాలి. తరువాత ప్రొఫైల్ తరగతి మేలు. అందులో విమానపు ఒడలు పలకలాగా చదునుగా ఉంటుంది గనుక కట్టడం తేలిక, విరిగితే అతకడం తేలిక. ఎగరేసే ముందు తీగలను గట్టిగా లాగి పరీక్షించాలి. పిడి తాడును మణికట్టుకు తప్పక తగిలించుకోవాలి. కరెంటు తీగల దరిదాపులకు పోరాదు. ఇక ఇంజనులో పోసే ఇంధనంలో మిథనాలుతోపాటు ఆముదం కూడా కలుపుతారు. ఆ పొగ ముక్కుకు సోకగానే చంటిపిల్లల మాడుకు ఆముదం పెట్టే మా అమ్మ గుర్తుకు వచ్చింది. ఖండాంతరంలో ఆముదపు వాసన!

ఎగరేసేవాడు విమానం మీది నుంచి చూపు తిప్పరాదు గనుక సాధనలో చుట్లు లెక్కపెట్టే పని నాకు దక్కింది. మావాడికి తెలుగు అర్థమవుతుంది గాని పెదవి దాటి రాదు. వాడికి తెలుగు నేర్పాలని రెండు వేసవులు పుస్తకం పట్టుకొని కూర్చున్నాను, ఫలితం స్వల్పం. మైదానంలో మాత్రం "ఒకటి, రెండు" అని తెలుగులోనే అరిచాను. "తాతయ్యా, సెవెన్ అను" అని బతిమాలాడు. నేను అనలేదు. ఏడు ఎప్పుడు వస్తుందో తెలియకపోతే ఇంజను తగ్గించేదెప్పుడు? రెండు రోజుల్లో వాడి చెవి కుదిరింది.

గడ్డి మీద పరిచిన తాళ్ళను వాడి కొక్కెం ఇంకా పట్టలేదు. నెలాఖరుకు నా తిరుగు ప్రయాణం. నేను వెళ్ళాక చుట్లు ఎవరు లెక్కపెడతారని అడిగాను. "అమ్మ" అన్నాడు. కొంచెం ఆగి, "తెలుగులోనే" అన్నాడు.