వీడియోలో అతుకు లేదన్నాను

అయస్కాంతాలతో దానంతటదే తిరిగే మోటారు ఉండదని ఇంటర్‌లోనే చదువుకున్నాను. అయినా అలాంటి మోటారు వీడియో ఒకటి చూసి, ఇందులో మోసం లేదని మా చిన్నాయనకు చెప్పాను. ఆ మాట నమ్మి ఆయన అడ్వాన్సు కట్టాడు. ఆ వీడియోలు ఇప్పటికీ మన పల్లెల్లో ఫోను నుంచి ఫోనుకు పోతున్నాయి కాబట్టి జరిగింది చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పరిగి పక్క సేద్యమంటే బోరే. కరెంటు వచ్చే వేళకు తోటలో కాపు కాయాలి. లో ఓల్టేజీకి మోటారు కాలితే పైపులన్నీ బయటికి లాగాలి. చిన్నాయనది మల్బరీ తోట. పట్టుపురుగులు మేతకొచ్చిన రోజుల్లో ఆకు వాడితే పంటంతా పోయినట్టే. ఇక హిందూపురం మార్కెట్లో గూళ్ల ధర ఎంత పలికితే ఏం లాభం? అలాంటి మనిషికి కరెంటు అక్కర్లేని మోటారు అన్న మాట ఎట్లా వినబడుతుందో వేరే చెప్పాలా? ఆయన ఆశపడ్డాడని ఎవరైనా తప్పుపడితే నేను ఒప్పుకోను. పైగా ఆయన జాగ్రత్తగానే ఉన్నాడు. "నీకు వీడియోల పని తెలుసు కదా నాయనా, నిజమో కాదో చూసి చెప్పు" అని ఫోను నా చేతికిచ్చాడు.

నాది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పని. రెండు షాట్లు ఎక్కడ అతికారో పట్టుకోవడం నాకు అలవాటు. వీడియోలో ఒక చెక్కపలక, దాని మీద బేరింగులో నిలబెట్టిన చక్రం, చక్రం అంచు చుట్టూ అంటించిన అయస్కాంతపు బిళ్లలు. ఒకతను చేతిలో ఇంకో అయస్కాంతం పట్టుకుని దగ్గరికి తెస్తాడు, చక్రం తిరుగుతుంది. కంప్యూటర్లో వేసుకుని ఫ్రేము తర్వాత ఫ్రేము జరుపుతూ చూశాను. పలక మీది నీడ ఎక్కడైనా ఎగిరిందా, వెనక గోడ మీది గడియారం ముల్లు దూకిందా, శబ్దం తెగిందా అని వెతికాను. ఏదీ లేదు. "ఒకే షాట్ చిన్నాయనా, ఎక్కడా అతుకు లేదు" అన్నాను.

ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆయన అడిగింది అది కాదు. అతుకు లేదంటే కెమెరా ఆపకుండా తీశారని మాత్రమే. పలక కింద తీగచుట్ట ఉందా, బ్యాటరీ ఉందా అన్నది ఏ ఫ్రేములోనూ కనబడదు. నాకు తెలిసిన మోసం ఒక్క ఎడిటింగే కాబట్టి దాని కోసమే చూశాను.

యంత్రం రాలేదు. అమ్మేవాళ్లు ఫోను ఎత్తడం మానేశారు. చిన్నాయన నన్ను ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. "నువ్వు చూసినావు కదా అనే ఇచ్చినా" అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాతే ఆ వీడియో మళ్లీ తెరిచాను, ఈసారి కొలవడానికి. ఒక బిళ్ల మీద గీత ఉంది. ఆ గీత మళ్లీ పైకొచ్చేసరికి పది ఫ్రేములు. సెకనుకు 30 ఫ్రేముల వీడియో కాబట్టి సెకనుకు మూడు చుట్లు. మధ్యలో అతని చెయ్యి అలిసి అయస్కాంతం దూరం జరిగింది. బెత్తెడు ఎడం వచ్చింది. గీత అప్పుడూ పది ఫ్రేములకే తిరిగొచ్చింది. అయస్కాంతం బలం దూరంతో చాలా త్వరగా తగ్గిపోతుంది. తిప్పేది చేతిలోదే అయితే చక్రం మందగించాలి. బలం ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ వీడియో చెప్పదు, కానీ అతని చేతిలో నుంచి మాత్రం రాలేదు. ఈ లెక్క మొదటిసారే వేసి ఉంటే అడ్వాన్సు మిగిలేది.

కదలికను బట్టి ఇలాంటి మోసాన్ని పట్టుకోవడం కొత్తేమీ కాదు. చార్లెస్ రెడ్‌హెఫర్ అనేవాడు 1812లో ఫిలడెల్ఫియాలో ఆగకుండా తిరిగే యంత్రమంటూ ఒకటి పెట్టి టిక్కెట్లు అమ్మాడు. తనిఖీకి వెళ్లిన వాళ్లలో ఒకాయన వెంట వచ్చిన కొడుకు పళ్లచక్రాల అరుగుదల గమనించాడు. పళ్లు అరగాల్సిన వైపు కాక రెండో వైపు అరిగి ఉన్నాయి, అంటే ఏది దేన్ని తిప్పుతోందన్నదే తలకిందులు. 1813లో న్యూయార్క్‌లో అతని యంత్రాన్ని ఆవిరి పడవల రాబర్ట్ ఫుల్టన్ చూశాడు. చప్పుడు ఒక తీరుగా లేదని, చేత్తో తిప్పే హ్యాండిలుకే ఆ ఎగుడుదిగుడు ఉంటుందని పసిగట్టి పక్క చెక్కలు పీకేశాడు. లోపల దారం, దాని వెంట పోతే పై గదిలో హ్యాండిలు తిప్పుతూ ఒక ముసలాయన. ఫుల్టన్ ముందు చెవితో కదలికను కొలిచాడు, దారాన్ని ఆ తర్వాత వెతికాడు. నేను చేయనిది అదే.

మోటారు మాట తేల్చడానికి అసలు వీడియోనే అక్కర్లేదు. చక్రం మీది బిళ్లను అయస్కాంతం దగ్గరికి లాగుతుంది, దాటిపోయేటప్పుడు అంతే బలంతో వెనక్కి లాగుతుంది. పల్లం దిగిన సైకిలు మళ్లీ ఎత్తు ఎక్కాల్సినట్టే. చుట్టు పూర్తయ్యేసరికి మిగులు సున్నా, అందులో రాపిడి ఖర్చు వేరే. ముప్పావు కిలో నియోడిమియం అయస్కాంతం తీసుకోండి, దాని చుట్టూ క్షేత్రంలో నిల్వ ఉండే శక్తి 40 జౌళ్లకు మించదు. మన ఐదు హెచ్‌పీ మోటారుకు సెకనుకు 3,700 జౌళ్లకు పైనే కావాలి. ఆ శక్తంతా పిండినా దాదాపు సెకనులో వందో వంతుకు మించి నడవదు.

అమ్మేవాళ్లు పేటెంట్ అప్లికేషన్ నంబరు చూపించారు. దానికీ లొంగిపోయాను. అప్లికేషన్ ఎవరైనా పెట్టుకోవచ్చు, నంబరూ వస్తుంది. ప్రకృతి సూత్రాలకు విరుద్ధమైన దాన్ని ఆవిష్కరణగా లెక్కించకూడదని మన 1970 పేటెంట్ చట్టం 3(ఎ) సెక్షన్‌లోనే ఉంది.

పెనుకొండలో ఉన్నా, ధర్మవరంలో మగ్గాల దగ్గరున్నా, ఎవరైనా ఇలాంటి మోటారు గురించి మీకు వీడియో పంపితే నాలాంటి వీడియోల వాణ్ని అడగొద్దు. యంత్రాన్ని మీ చేలోకి తెప్పించండి. మీ బల్ల మీద పెట్టించి, మీ బోరుకు తగిలించి, ఒక పూట నీళ్లు పారించి చూపమనండి. ఒప్పుకోకపోతే రూపాయి కూడా ఇవ్వొద్దు.