ఎడమకు లాగుతున్న కొత్త కారు

మెదక్ అనగానే చర్చి గుర్తొస్తుంది. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన కెథడ్రల్, గుట్టమీద కాకతీయుల నాటి కోట, ఏడుపాయల జాతర... చూడ్డానికి వచ్చేవాళ్లకు ఊరంటే ఇవే. వాహనాలతోనూ ఈ పేరుకు చుట్టరికం ఉంది. ఎద్దుమైలారంలో యుద్ధవాహనాలు, జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారయ్యేది ఉమ్మడి మెదక్ జిల్లాలోనే. 2016లో జిల్లాలు విడిపోయాక ఆ రెండూ సంగారెడ్డి వైపు వెళ్లిపోయాయి. మెదక్ పట్టణానికి మిగిలింది పంక్చర్ షాపులు, టైర్ల దుకాణాలు, చూపుతోనే జబ్బు చెప్పే మెకానిక్కులు.

వాళ్ల దగ్గరికి ఆలస్యంగా వెళ్లారు ఈ ఊరి పంతులుగారు ఒకాయన. కొత్త కారు కొని, ఏడుపాయల వనదుర్గమ్మ దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికొస్తుంటే తెలిసింది... స్టీరింగ్ మీద పట్టు కాస్త సడలిస్తే చాలు, బండి ఎడమకు జరిగిపోతోంది!

'కొత్త బండి కదా, నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది' అన్నారు బంధువులు. సర్దుకోలేదు. దిష్టి తగిలిందని వాళ్లమ్మ గుమ్మడికాయ కొట్టించారు. అయినా అంతే.

ఇక హైదరాబాద్ షోరూంకి ప్రయాణాలు మొదలయ్యాయి. కొల్చారం, కౌడిపల్లి, నర్సాపూర్ అడవి మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. కోతుల్ని చూస్తూ హాయిగా సాగాల్సిన దారి అది. పంతులుగారికి మాత్రం భుజాల నొప్పే గుర్తు. రోడ్డు ఎడమ అంచునే మేకలు, సైకిళ్లు, బడిపిల్లలు. క్షణం ఏమరినా బండి అటే పోతుంది మరి. 2022లో మెదక్‌కు రైలు రావడంతో కారు షోరూంలో వదిలేసి, కాచిగూడలో రైలెక్కి ఇంటికొచ్చిన రోజులూ ఉన్నాయి.

మూడుసార్లు వెళ్లారు. మూడుసార్లూ వీల్ అలైన్‌మెంట్ చేసి, 'కేంబర్, కాస్టర్, టో... అన్నీ కరెక్టే సార్' అని కాగితం చేతిలో పెట్టారు. వాననీళ్లు పోవడానికి రోడ్డే ఎడమకు వాలుగా ఉంటుందనీ చెప్పారు. అది నిజమే, ఏ కారైనా కొద్దిగా అటు మొగ్గుతుంది. కానీ చదునైన చోట కూడా లాగుతుంటే?

చివరికి రామదాసు చౌరస్తా దగ్గరి మెకానిక్ ఒకాయన జాకీ పెట్టి, ముందు టైర్లు రెండూ ఇటుదటు, అటుదిటు మార్చాడు. మళ్లీ నడిపిస్తే కారు ఈసారి కుడికి లాగింది! దాంతో గుట్టు తేలిపోయింది. స్టీరింగ్‌లో దోషం ఉంటే టైరు మార్చినా లాగుడు అటే ఉండాలి కదా. తప్పు టైరుదన్నమాట. రేడియల్ టైరు లోపలి పట్టీలు రవ్వంత పక్కకు జరిగితే, పైకి గుండ్రంగా కనిపిస్తూనే గరాటు దొర్లినట్టు ఒక పక్కకు తిరుగుతుంది. అలైన్‌మెంట్ యంత్రం చక్రాల కోణాలు కొలుస్తుందే గానీ టైరు లోపలి సంగతి దానికి పట్టదు. (తిరిగే దిశ చూపే బాణం గుర్తున్న టైర్లను మాత్రం ఇలా మార్చకూడదు.)

అప్పుడైనా వెంటనే తెమల్లేదు. టైరు వారంటీ కారు కంపెనీది కాదు, టైరు కంపెనీది అన్నారు. చాలా కార్ల విషయంలో అంతే, బ్యాటరీ సంగతీ ఇంతే. మొదటి రెండుసార్లు జాబ్‌కార్డు రాయించుకోకపోవడం ఇక్కడే దెబ్బకొట్టింది. ఎన్నిసార్లు తిరిగారో చూపించడానికి కాగితం లేదు. ఇలాంటప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2019 చట్టం వచ్చాక, బండి ఎక్కడ కొన్నా కొనుగోలుదారు ఉండే చోటే ఫిర్యాదు చేసుకోవచ్చు కూడా. పంతులుగారికి అంతదూరం వెళ్లే పని పడలేదు. పరీక్ష చేశాక టైరు మార్చి ఇచ్చారు.

ఇప్పుడు కారు నేరుగా పోతోంది. అది గుమ్మడికాయ మహిమేనని వాళ్లమ్మ వాదన.