మా ఇంటి వాల్యూమ్

మేము ఒక ఆంప్లిఫయర్ కొన్నాం. కొత్తది కాదు. ఒకరు వాడి వదిలేసింది. గిటార్‌కి పెట్టుకునే పది వాట్ల డబ్బా. బియ్యం డబ్బా అంత ఉంటుంది. రెండు వేల ఎనిమిది వందలకు బేరం కుదిరింది.

ఇందులో రాయడానికేముంది అంటారా? నిజమే. మా పేర్లు వేరే అయ్యుంటే ఏమీ ఉండేది కాదు. కానీ మా పేర్లతో ఏది కొన్నా సామాను ఒక సంచిలో వస్తుంది, ప్రశ్నలు ఇంకో సంచిలో వస్తాయి. ఆ రెండో సంచి విప్పడానికే ఈ నాలుగు మాటలు.

మా చిన్నోడికి వాళ్ల మామూ దుబాయి నుంచి వస్తూ ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చాడు. మామూలు గిటార్‌కి పొట్ట ఉంటుంది. ఆ బోలు పొట్టే చప్పుడును పెద్దది చేస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్ గట్టి కట్టె. డబ్బా తగిలించకపోతే దోమ గొణిగినట్టే ఉంటుంది. పిల్లాడు ఆర్నెల్లు ఆ దోమపాటే వాయించుకున్నాడు. చెవి కట్టెకు ఆనించి, కళ్లు మూసుకుని. చూసిన ప్రతిసారీ మాకు లోపల ఎక్కడో కలుక్కుమనేది. ఆంప్లిఫయర్ కొందామని మాత్రం నోటి నుంచి వచ్చేది కాదు.

డబ్బుల్లేక కాదు. చప్పుడవుతుందని.

మేముండేది అశోక్‌నగర్‌లో రెండు గదుల పోర్షన్. అది దొరకడానికి ముందు చిక్కడపల్లి, నారాయణగూడ సందులన్నీ తిరిగాం. గేటుకు 'టు లెట్' బోర్డు ఉండేది. ఫోన్లో అద్దె చెప్పేవాళ్లు, నీళ్ల సంగతి చెప్పేవాళ్లు, ఎప్పుడొచ్చి చూస్తారనేవాళ్లు. ఆఖరికి పేరడిగేవాళ్లు. చెప్పగానే ఒక చిన్న విరామం. "అయ్యో, పొద్దున్నే ఎవరో అడ్వాన్స్ ఇచ్చేశారండీ." మరుసటి వారం అటు పోతే బోర్డు అక్కడే ఉండేది. ఇలా ఎనిమిది ఇళ్లు. తొమ్మిదో ఇంటాయన ఇచ్చాడు. ఆయనకు మేం రుణపడి ఉన్నాం. ఇస్తూ ఒక మాటన్నాడు: "మాకు పేచీ ఏం లేదు, కాస్త చప్పుడు లేకుండా ఉండండి."

ఆ మాట ఆయన ఎవరికైనా అనేదే కావచ్చు. కానీ ఎనిమిది ఇళ్లు తిరిగి వచ్చిన చెవులకు అది వేరేగా వినబడింది. ఆ రోజు నుంచి మా ఇంటి వాల్యూమ్ మా చేతుల్లోంచి పోయింది. చుట్టాలొస్తే మెట్లమీద సలామ్ మెల్లగా చెప్పుకుంటాం. బక్రీద్ నాడు మసాలా నూరే చప్పుడుకే భయం. పాకిస్తాన్‌తో మ్యాచ్ ఉన్న రోజు టీవీ ఇంకా తగ్గిస్తాం. ఇండియా సిక్స్ కొడితే మాత్రం అరుపు కాస్త పెంచుతాం. సంతోషం నిజమే. ఆ పెంచిన వాల్యూమ్ పొరుగువాళ్ల కోసం.

అలాంటి ఇంట్లోకి ఆంప్లిఫయర్!

చిన్నోడే దారి చెప్పాడు. "అబ్బా, సాలిడ్ స్టేట్ చిన్న డబ్బాలకు హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉంటుంది. పిన్ను గుచ్చగానే స్పీకర్ బందైపోతుంది. నా చెవులకు తప్ప ఎవరికీ వినబడదు."

మాకు తెలియని సంగతులు చాలా చెప్పాడు. పాత ఆంప్లిఫయర్లలో గాజు వాల్వులుంటాయి, బల్బుల్లాగా. అవి వేడెక్కాలి, బరువెక్కువ, మార్చాలంటే ఖర్చు. సాలిడ్ స్టేట్ అంటే వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లు. స్విచ్ వేయగానే పలుకుతుంది, పడినా అంత తొందరగా పాడవదు, చవక. వాల్వు డబ్బాల గొంతులో వెచ్చదనం ఉంటుందనీ, గట్టిగా వాయిస్తే గొంతు మెల్లగా బొంగురుపోతుందనీ, ట్రాన్సిస్టర్లది ఒక్కసారిగా చీలుతుందనీ గిటార్ వాళ్లంటారట. అయినా 1975లో జపాన్ రోలాండ్ కంపెనీ తెచ్చిన జాజ్ కోరస్ ట్రాన్సిస్టర్లదే. దాని శుభ్రమైన గొంతు కోసమే దాన్ని కోరుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొదటి ట్రాన్సిస్టర్ పనిచేసింది 1947 డిసెంబర్‌లో, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో. 1947 అనగానే మా ఇళ్లల్లో వేరే సంగతి గుర్తుకొస్తుంది. పిల్లాడికి ట్రాన్సిస్టర్ గుర్తుకొచ్చింది. ఎందుకో మాకు అది బాగా అనిపించింది.

నారాయణగూడలో వాడు గిటార్ నేర్చుకునే చోట గోడకు ఒక కాగితం అంటించి ఉంది. అమ్మే పిల్లాడు చదువుకు అమెరికా పోతున్నాడు. ఇల్లు బషీర్‌బాగ్. సాయంత్రం వెళ్లాం.

తలుపు తీసింది ఆ పిల్లాడి తాతగారు. "రండి రండి" అని కుర్చీలు వేశారు, మంచినీళ్లిచ్చారు. పిల్లలిద్దరూ డబ్బా ముందు కూర్చున్నారు. మా వాడు ఎలా పరీక్షించాలో నేర్చుకునే వచ్చాడు. ముందు వెనకవైపు 230 వోల్టులని రాసుందా చూశాడు. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టులదైతే మన కరెంటుకి కాలిపోతుంది. గిటార్ తగిలించకుండా స్విచ్ వేసి, గుయ్ మనే చప్పుడు ఎంతుందో విన్నాడు. నాబ్‌లన్నీ ఒక్కొక్కటే ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాడు. ఒకటి గరగరమంది. లోపల దుమ్ము, శుభ్రం చేస్తే పోతుందన్నాడు. గిటార్ వైరు గుచ్చి మెల్లగా అటూ ఇటూ కదిపాడు. చప్పుడు తెగి తెగి వచ్చింది. టంకం ఊడిందన్నమాట. టార్చి వేసి స్పీకర్ కాగితం చిరిగిందేమో చూశాడు. పావుగంట ఆపకుండా వాయించి, వేడెక్కాక కూడా అలాగే పలుకుతోందా అని విన్నాడు. ఆఖరికి హెడ్‌ఫోన్ గుచ్చాడు. స్పీకర్ మూగబోయింది. మా వైపు చూసి తలూపాడు.

మూడున్నర వేలన్నది, టంకం పని ఉందని రెండు వేల ఎనిమిది వందలకు దిగింది. డబ్బులు లెక్కపెట్టి ఇస్తుంటే తాతగారు పేరడిగారు. చెప్పాం.

"అరె, తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే!" అన్నారు. మేము నవ్వాం. మా తాతముత్తాతల నుంచీ మాట్లాడుతున్న భాషకు మార్కులు వేయించుకోవడం మాకు అలవాటే. తర్వాత ఇంకోటి అడిగారు. "ఏమనుకోకండి, తెలియకడుగుతున్నా. మీలో సంగీతం ఒప్పుకుంటారా?"

ఆయన మనసులో విషం లేదు. ఉంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు. ఆయన కూర్చున్న కుర్చీ వెనకే అలమర. అందులో పాత క్యాసెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. బిస్మిల్లా ఖాన్ షెహనాయి ఉంది. షేక్ చిన మౌలానా నాదస్వరం ఉంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగం పోయి స్థిరపడి, 1999లో కన్నుమూసే దాకా త్యాగయ్య కీర్తనల్ని నాదస్వరంలో పలికించిన మనిషి. పెద్దాయన రోజూ పొద్దున అవే వింటారేమో. ప్రశ్న ఆయన నోట్లో ఉంది, జవాబు ఆయన వీపు వెనక ఉంది. ఆ రెండింటినీ ఎవరూ కలపలేదు, ఆయనకైనా, ఆయనలాంటి లక్షల మందికైనా. బిస్మిల్లా ఖాన్ "మన కళాకారుడు" అవుతాడు. గిటార్ మోస్తున్న మా పిల్లాడు "మీలో" అవుతాడు.

డబ్బా పట్టుకుని కిందికి దిగాం. ఏ నేల మీద నడుస్తున్నామో అప్పుడు గుర్తొచ్చింది. బషీర్‌బాగ్ అనే పేరు పైగా వంశపు నవాబు సర్ ఆస్మాన్‌జా బషీరుద్దౌలా కట్టించిన దేవిడీ నుంచి వచ్చింది. దేవిడీ పోయింది, పేరు మిగిలింది. ఆ బషీర్‌బాగ్ ప్యాలెస్‌లోనే 1968లో ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ ఆఖరి శ్వాస విడిచారు. కసూర్‌లో పుట్టిన మనిషి. దేశం రెండు ముక్కలయ్యాక కసూర్ పాకిస్తాన్‌లోకి పోయింది. ఆయన అక్కడ ఇమడలేక ఇటు వచ్చేశారు. 1957లో భారత పౌరసత్వం తీసుకున్నారు. 1962లో పద్మభూషణ్ ఇచ్చారు. చివరి ఏళ్లలో పక్షవాతంతో పడి లేస్తూ కూడా పాటను వదల్లేదు. ఒళ్లో స్వరమండల్ పెట్టుకుని తీగలు మీటుతూ పాడిన ఆ ఉస్తాద్ ఇప్పుడు పాతబస్తీలో మీర్ మోమిన్ దాయిరాలో పడుకుని ఉన్నారు. బషీర్‌బాగ్‌లో ఒక వీధికి ఆయన పేరుంది. ఆ పేరున్న పేటలో, "మీలో సంగీతం ఒప్పుకుంటారా" అనే ప్రశ్న మోసుకుంటూ మేము ఇంటికొచ్చాం.

ఇక్కడితో ఆపితే సగం నిజమే చెప్పినట్టు. ఎందుకంటే ఇంట్లో కూడా అదే ప్రశ్న మా కోసం కాచుకుని ఉంది.

అమ్మీ డబ్బా చూసి దుపట్టా సర్దుకుంది. "ఇదేంటి బేటా? ఈ షైతాన్ డబ్బా నమాజ్ చదివే ఇంట్లోకా?" అంది. ఆ వారం దావత్‌లో ఒక చుట్టం ఇంకో అడుగు ముందుకేశాడు. "గిటార్ మన వాయిద్యం కాదు, కిరస్తానీ వాళ్లది."

తీగ వాయిద్యాలన్నీ హరామ్ అనే ఉలేమాలున్నారు. కాదనే ఉలేమాలూ ఉన్నారు. చిష్తీ దర్గాల్లో శతాబ్దాల తరబడి ఖవ్వాలీ సాగుతూనే ఉంది. ఈ తగువు తీర్చేంత వాళ్లం కాము. కానీ ఆ చుట్టానికి ఒక్క మాట చెప్పాలనిపించింది. యూరప్ వాళ్ల ల్యూట్ అనే వాయిద్యానికి ఆ పేరు అరబ్బుల 'అల్ ఊద్' నుంచి వచ్చింది. ఊద్ అంటే కట్టె. గురువారం మగ్రిబ్ వేళ మన ఇళ్లల్లో నిప్పులమీద వేసే ఊద్ పేరు కూడా అదే. ఒకే మాట, ఒకచోట పొగ, ఒకచోట పాట. మన వాయిద్యం కాదని ఎవరంటారు?

అమ్మీకి మాత్రం పుస్తకాల సంగతులు చెప్పలేదు. ఆమె సంగతే ఆమెకు గుర్తుచేశాం. మా చిన్నప్పుడు ఏ పెళ్లింట్లో ఢోలక్ కే గీత్ మొదలైనా ముందు అమ్మీ కోసం కబురొచ్చేది. చెంచాతో ఢోలక్ కట్టె మీద తాళం వేస్తూ పెళ్లికొడుకు తల్లిని ఆటపట్టిస్తూ పాడేది. ఆడవాళ్లంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. ఆ ఢోలక్ ఎప్పుడు అటకెక్కిందో మేమెవ్వరం గమనించలేదు. ఎవరూ లాక్కోలేదు. ఎవరో ఏదో అన్నారు, చప్పుడు తగ్గింది, తర్వాత ఆగిపోయింది.

అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. "ఢోలక్‌కి కరెంటు అక్కర్లేదు కదా" అంది ఆఖరికి.

"మస్జిద్‌లో అహూజా ఆంప్లిఫయర్‌కి అక్కర్లేదా దాదీ?" అన్నాడు చిన్నోడు. "ఇది దాని తమ్ముడే."

పిల్లాడి మాటలో సరదా ఉంది, నిజమూ ఉంది. ఒకప్పుడు లౌడ్‌స్పీకర్ నమాజుకు చెల్లుతుందా లేదా అని ఉలేమాలే వాదించుకున్నారు. ఈరోజు అది లేని మస్జిద్ అరుదు. గుళ్లో సుప్రభాతం పలికేదీ, మినార్ మీద అజాన్ పలికేదీ ఒకే రకం డబ్బా. దానికి ఎవరి గొంతైనా ఒకటే. పెద్దది చేయడమే దాని పని.

కోఠీ గుజరాతీ గల్లీ పక్క సందులో ఒక ఉస్తాద్ టంకం పెట్టాడు, నాబ్‌లో దుమ్ము వదిలించాడు. మా ఊళ్లో రాగం తెలిసినవాడూ ఉస్తాదే, రిపేరు తెలిసినవాడూ ఉస్తాదే. ఇంట్లో పెట్టాక మాత్రం గుయ్ మనడం ఎక్కువైంది. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోంది, తీస్తే పెరుగుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "మీ బోర్డులో మూడో రంధ్రానికి అర్త్ వైరే లేదు" అన్నాడు. ప్లాస్టిక్ రంధ్రం ఉంది, వెనక ఏమీ లేదు. ఇంటాయనకు చెబితే మారుమాట లేకుండా వేయించాడు. ఇది కూడా చెప్పాలి. అడిగితే ఇచ్చే మనిషిని మేము ఇన్నేళ్లూ ఏమీ అడగలేదు.

నెలరోజులు పిల్లాడు హెడ్‌ఫోన్‌తోనే వాయించాడు. వాడి వేళ్లు కదులుతుంటే మేము చూశాం. పాట వాడికొక్కడికే. మొన్న ఒక సాయంత్రం, మగ్రిబ్ అయ్యాక, మేమే వెళ్లి పిన్ను పీకేశాం.

వాడు భయంగా చూశాడు. "వాయించు" అన్నాం.

వాయించాడు. తప్పులున్నాయి. ఒక తీగ శ్రుతి తప్పింది. అమ్మీ తస్బీ పట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది, లేచి పోలేదు. ఎవరూ తలుపు తట్టలేదు. పైవాళ్లకు వినబడిందో లేదో, వినబడి ఊరుకున్నారో తెలియదు. కానీ ఆ గంటసేపు మేము చూసింది పిల్లాడి వేళ్ల వైపు కాదు, తలుపు వైపు. మా బిడ్డ మొదటిసారి గదినిండా వాయిస్తుంటే, ఆ పాటలో సగం మేము వినలేదు.

మీకు చెప్పాలనుకున్నది ఆ గంట గురించే. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా పాట మధ్యలో తలుపు వైపు చూడటం మాకు ఎవరు నేర్పారు? సెక్యులర్ మిత్రులారా, మాలో ఏది ఒప్పుకుంటారో అడిగే ముందు మీ అలమర ఒకసారి తిరిగి చూడండి. మా వాళ్లారా, అటకమీది ఢోలక్ ఒకసారి దించి చూడండి.

డబ్బా మీద వాల్యూమ్ నాబ్ చుట్టూ పది దాకా అంకెలున్నాయి. ఆ రోజు మేము మూడు దగ్గర పెట్టాం. చిన్నోడు నాలుగు అంటున్నాడు.