ఉద్దానంలో సైకిలెక్కితే... పళ్లు లెక్కపెట్టాల్సిందే!

ఒకపక్క సముద్రం, మరోపక్క మహేంద్రగిరి. మధ్యలో జీడి, కొబ్బరి, పనస తోటలు. సైకిల్‌ యాత్రకు ఇంతకంటే మంచి చోటేముంటుంది! కాకపోతే ఇసుకలో కూరుకుపోకుండా, ఎదురుగాలికి అలిసిపోకుండా, ఘాట్‌రోడ్డు మీద దిగి నెట్టుకోకుండా సాగాలంటే... ముందు గేర్ల సంగతి తేల్చుకోవాలి.

పలాస పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది జీడిపప్పే. రైలు దిగి కాశీబుగ్గ వైపు నడిస్తే చాలు, ఆ ఊళ్లు దేనిమీద బతుకుతున్నాయో తెలిసిపోతుంది. అక్కణ్నుంచి సముద్రం వైపు తిరిగితే వజ్రపుకొత్తూరు... పైకి వెళ్తే మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం. ఇదే ఉద్దానం. ‘ఉద్యానవనం’ అన్న మాటే జనం నోళ్లలో నలిగి ఉద్దానమైందంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటింది. తెల్లారేసరికి తోటలకు తోటలే నేలమట్టమయ్యాయి. మళ్లీ నాటిన మొక్కలు పెరిగి కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది.

చదునే... కానీ!

మ్యాపులో చూస్తే తీరమంతా చదును. టెక్కలి దగ్గర రావివలస ఎండల మల్లికార్జునుణ్ని దర్శించుకుని, నౌపడ ఉప్పుమళ్లు దాటి, విదేశీ పక్షులకు పేరుపడ్డ తేలినీలాపురం వెళ్లడానికి కొండలేమీ ఎక్కక్కర్లేదు. అక్కుపల్లి శివసాగర్‌ బీచ్‌కీ అంతే. మరి గేర్లెందుకు? ఇసుక, గాలి, బరువు... ఈ మూడింటి కోసం! తోటల మధ్య ఇసుకబాటలో చక్రం దిగబడితే అది కొండెక్కడంతో సమానం. సముద్రం నుంచి వీచే ఎదురుగాలీ అంతే. క్యారియర్‌కి రెండు పక్కలా కొబ్బరికాయల బస్తాలు వేలాడుతుంటే ఇక చెప్పేదేముంది!

రహస్యం పళ్లలోనే

గేరంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పెడల్‌ దగ్గరుండే చైన్‌వీల్‌ పళ్లను వెనక చక్రానికుండే ఫ్రీవీల్‌ పళ్లతో భాగించడమే. ముందు 44, వెనక 18 పళ్లున్న మామూలు సైకిల్‌నే తీసుకోండి. పెడల్‌ ఒకసారి తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. అంటే బండి ఐదు మీటర్ల నలభై సెంటీమీటర్లు ముందుకెళుతుంది. రోడ్డు బాగుంటే హాయే. ఇసుకలో మాత్రం కాళ్లు పీకేస్తాయి.

అదే వెనక 22 పళ్ల ఫ్రీవీల్‌ వేస్తే? ఒక తొక్కుకు 4.4 మీటర్లే వెళుతుంది. కానీ కాలిమీద భారం నూటికి పద్దెనిమిది పాళ్లు తగ్గుతుంది! నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్లు వెళ్లే బండి దాదాపు 16కి దిగుతుంది. బరువు మోసేవాళ్లకి ఆ మూడు కిలోమీటర్లు పెద్ద నష్టమేం కాదు. షాపులో మేస్త్రికి రెండు విషయాలు గుర్తుచేస్తే చాలు. పెద్ద ఫ్రీవీల్‌ వేస్తే చైను పొట్టి కావచ్చు. వెనక చక్రాన్ని కాస్త ముందుకు జరిపితే సరిపోతుందేమో చూడాలి, లేదంటే రెండు లింకులు కలపాలి. ఆ తర్వాత బ్రేకులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవాలి.

గేర్ల సైకిలైతే...

ముందు మూడు, వెనక ఏడు చక్రాలుండే 21 గేర్ల సైకిళ్లలో చాలావాటికి ముందు అన్నిటికంటే చిన్నది 24 పళ్లు, వెనక అన్నిటికంటే పెద్దది 28 పళ్లు ఉంటాయి. చాలా ఎత్తులకు ఇది చాలు. ఇంకా తేలిక కావాలంటే వెనక 14 నుంచి 34 పళ్లుండే ఫ్రీవీల్‌ దొరుకుతుంది. కొనేముందు చైనును ఒక చక్రం నుంచి మరోదానికి మార్చే డీరేలర్‌ 34 పళ్ల దాకా పనిచేస్తుందో లేదో కనుక్కోవాలి. కొన్ని రకాలు 28 దగ్గరే ఆగిపోతాయి.

రోడ్డు సైకిల్‌కి ముందు 50-34, వెనక 11-32 ఉందనుకోండి. ముందు తేడా 16, వెనక తేడా 21. మొత్తం 37. డీరేలర్‌ సామర్థ్యం అంతకు తగ్గకూడదు. తగ్గితే చైను వేలాడిపోతుంది, లేదా బిగుసుకుపోతుంది. ఎనిమిది గేర్లకు ఎనిమిది గేర్ల చైనే వాడాలి. కొత్త చైనును అరిగిన చక్రాలమీద వేస్తే సరిగ్గా ఎత్తుమీదే జారుతుంది!

ఒకప్పుడు తేలిక గేర్లను చిన్నచూపు చూసేవారు. 1903లో మొదలైన టూర్‌ డి ఫ్రాన్స్‌ పోటీల్లో 1937 దాకా డీరేలర్లకు అనుమతే లేదు. ఇవాళ గేర్ల తయారీలో పేరుమోసిన జపాన్‌ సంస్థ షిమానో కూడా 1921లో మొదలైంది ఫ్రీవీల్‌తోనే!

కొండ పిలిస్తే

ఒడిశా గజపతి జిల్లాలో ఉన్న మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. టెక్కలి నుంచి పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా అటు వెళ్లొచ్చు. పాండవుల పేర్లతో పైన పాత గుళ్లున్నాయి. ఘాట్‌లో గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో వెళ్లాలంటే 44-18 సైకిల్‌మీద నిమిషానికి పాతిక తొక్కులే పడతాయి. ప్రతి తొక్కూ మోకాళ్లకి పరీక్షే. అదే 34-34 గేర్లో అయితే 63 తొక్కులు. చదునుమీద తొక్కినట్టే ఉంటుంది.

నీళ్లు మరవొద్దు

ఉద్దానాన్ని ఏళ్లుగా పీడిస్తున్నది కిడ్నీ జబ్బు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో తాగునీరు తెచ్చే పథకమూ అదేరోజు మొదలైంది. జబ్బుకు అసలు కారణం ఇదమిత్థంగా తేలకపోయినా, మండుటెండలో ఒళ్లు హూనమయ్యేలా పనిచేయడం, చాలినన్ని నీళ్లు తాగకపోవడం పరిశోధకులు అనుమానిస్తున్నవాటిలో ఉన్నాయి. సరదాకి వచ్చే యాత్రికుడు ఎండ ముదిరితే చెట్టుకింద ఆగిపోవచ్చు. సైకిల్‌మీదే బతుకు బండి లాగేవారికి ఆ వీలుండదు. వాళ్లకు నాలుగు పళ్లు ఎక్కువున్న ఫ్రీవీల్‌ షోకు కాదు... అవసరం.

ఉప్పుగాలికి చైను తుప్పు పడుతుంది. నూనెకు అంటుకున్న ఇసుక పళ్లను అరగదీస్తుంది. అందుకే బీచ్‌ నుంచి రాగానే గుడ్డతో తుడిచి, కొద్దిగా నూనె వేసి, పైకి కనిపించే జిడ్డును మళ్లీ తుడిచేయాలి.

మహేంద్రగిరుల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. నదికి అంతా దిగుడే, సైకిల్‌కి మాత్రం ఎదురెక్కుడు. కొండ ఎత్తు తగ్గదు, గాలి దిశ మారదు. మన చేతిలో ఉన్నవల్లా ఆ పళ్లే. అందుకే పలాస రైలెక్కేముందు ఓసారి సైకిల్‌ని బోర్లించి... లెక్కపెట్టండి!