చిక్కుపడిన నూలు

గాయం మానుతుంది, మచ్చ మిగులుతుంది. చర్మం మీది మచ్చ అందరికీ కనిపిస్తుంది. ఆ గాయం కడుపు లోపల ఏమి మిగిల్చిపోయిందో మరల కత్తి పట్టిన శస్త్రవైద్యునికి మాత్రమే తెలుస్తుంది.

చీరాల ప్రాంతపు చేనేత కుటుంబంలో ఒక తల్లి ఉండేది. భర్త మగ్గం మీద కూర్చుంటే ఆమె కండెలు చుట్టేది. ఆమె కుడి డొక్కలో జానెడు మచ్చ ఉంది. మొదటి కోతలో వైద్యులు రాళ్ళతో నిండిన పిత్తాశయాన్ని తొలగించారు. కొన్నేళ్ళకు పిత్తనాళంలో రాయి కనబడగా అదే మచ్చ మీద రెండవసారి కోశారు. మరి కొంతకాలానికి మళ్ళీ నొప్పి, చలిజ్వరం మొదలై, కళ్ళు పచ్చబడ్డాయి. మూడవ కోత అన్న మాట వినగానే ఆమె బెంబేలెత్తిపోయింది.

కాలేయం రోజుకు అర లీటరు నుండి లీటరు వరకు పైత్యరసాన్ని తయారుచేస్తుంది. దానిని చిన్నప్రేగుకు చేర్చే ప్రధాన నాళం వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లు. అంత సన్నని దారిలో రాయి అడ్డుపడితే పైత్యరసం వెనుకకు తన్ని కామెర్లు వస్తాయి. నిలిచిన రసంలో సూక్ష్మక్రిములు పెరిగితే ప్రాణానికే ముప్పు. పిత్తాశయాన్ని తీసివేసినంత మాత్రాన ఈ బాధ తీరిందనుకోరాదు. నాళంలో రాయి మిగిలిపోవచ్చు. కొత్తగా అక్కడే పుట్టనూవచ్చు.

1882లో బెర్లిన్ నగరంలో కార్ల్ లాంగెన్‌బుక్ తొలిసారిగా పిత్తాశయాన్ని తొలగించాడు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా పెద్ద కోతే మార్గమైంది. 1985లో జర్మనీలోని బోబ్లింగెన్‌లో ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రాల ద్వారా లాపరోస్కోపీ పద్ధతిలో ఆ పని చేసి చూపాడు. తోటి వైద్యులు మొదట ఆయనను విశ్వసించలేదు. 1992లో జర్మన్ శస్త్రవైద్యుల సంఘమే ఆయనను సత్కరించింది. మన దేశంలో 1990లో ముంబయిలోని జె.జె. ఆసుపత్రిలో తెహెంటన్ ఉద్వాడియా ఈ చికిత్సకు శ్రీకారం చుట్టాడు.

అయినా, అంతకుముందే కోత పడిన కడుపు జోలికి తొలినాళ్ళలో ఈ పద్ధతి పోలేదు. కోత మానే క్రమంలో ప్రేగులు, కొవ్వుపొర పాత గాయానికీ, కాలేయం అడుగుభాగానికీ అతుక్కుపోతాయి. ఆ అతుకుల చాటున పిత్తనాళం మరుగున పడుతుంది. తొందరపడితే ప్రేగుకు చిల్లు పడుతుంది.

ఇటువంటి రోగులకు నేడు ముందుగా నోటి ద్వారా ఎండోస్కోపు పంపి రాయిని తీయజూస్తారు. ఆ తల్లి విషయంలో రాయి పెద్దది కావడంతో ఆ యత్నం ఫలించలేదు. అప్పుడు శస్త్రవైద్యుడు ఆమె మంచం పక్కన కూర్చుని, "అమ్మా! చిన్న రంధ్రాలతోనే ప్రయత్నిస్తాం. లోపల దారి దొరకకపోతే మాత్రం కడుపు తెరవక తప్పదు. అందుకు మీరు ముందే సమ్మతించాలి" అన్నాడు.

ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "చిక్కుపడిన నూలును లాగితే తెగుతుంది బాబూ! ఓర్పుగా విడదీయాలి. విడిపోకపోతే నీకు తోచినట్టే చెయ్యి" అన్నది.

శస్త్రచికిత్స ఆమె చెప్పినట్లే సాగింది. పాత మచ్చకు దూరంగా మొదటి రంధ్రం చేసి, కడుపును కార్బన్ డయాక్సైడ్ వాయువుతో ఉబ్బించారు. ప్రేగుకు వేడి తగలకుండా, అతుకులను కత్తెరతో ఒక్కొక్కటిగా విడదీశారు. కాలేయపు అంచే దారి చూపింది. కనిపించినది పిత్తనాళమేనా అని సన్నని సూదితో రసం లాగి నిర్ధారించుకున్నారు. అటు తరువాతనే నాళాన్ని నిలువుగా చీల్చి, తీగల బుట్టతో రాయిని పట్టి బయటికి తీశారు. సన్నని దుర్భిణిని నాళంలో ఎగువకూ దిగువకూ పంపి, మరే రాయీ లేదని తేలాక కుట్లు వేశారు.

ఈసారి దారి దొరికింది. అందరికీ దొరకదు. అతుకులు విడివడనప్పుడు పరికరాలను పక్కనపెట్టి కడుపు తెరవడం శస్త్రవైద్యునికి ఓటమి కాదు, అది ఆయన వివేకం. రోగి క్షేమం ముందు కోత పొడవు స్వల్ప విషయం. పంతానికి పోయి చిన్న రంధ్రాలనే పట్టుకొని వేలాడితే ప్రమాదం రోగికే.

కొన్ని వారాలకు ఆ తల్లి మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది. పాత మచ్చ పక్కన నాలుగు చిన్న గుర్తులు చేరాయి. కొత్త దారి వేసినవారి సాహసాన్ని చరిత్ర గుర్తుంచుకుంటుంది. పాత గాయాల మధ్య మూసుకుపోయిన దారిని, మరొక గాయం కాకుండా వెదికేవారి ఓర్పు అంతకు తక్కువది కాదు.