అష్టమి దగ్గరే ఎందుకు తేడా వస్తుంది?

ఈ పండగ ఇవాళా రేపా అనే గొడవ ప్రతి ఏడాదీ ఉండేదే. టీవీల్లో పండితులు దాని మీద గంటలు గంటలు మాట్లాడతారు గానీ, అసలు లెక్క ఎక్కడ తేడా కొడుతుందో ఒక్కరూ చెప్పరు. సరదాకి ఒక పంచాంగం ప్రోగ్రాం రాసుకుంటూ నేను గమనించింది ఇక్కడ రాస్తున్నా.

తిథి కోడ్ చాలా చిన్నది. చంద్రుడి లాంగిట్యూడ్‌లోంచి సూర్యుడిది తీసేసి 12తో భాగించడమే. అయనాంశ లాహిరిదా రామన్‌దా అనే తగాదా ఇక్కడ అక్కర్లేదు, తీసివేతలో ఎగిరిపోతుంది. అది నక్షత్రానికీ సంక్రాంతికీ కావాలి.

తేడా రాగానే అందరూ ముందు ఊరిని అనుమానిస్తారు. నిజమే, మా సంజామలలో సూర్యోదయం విజయవాడ కంటే దాదాపు పది నిమిషాలు ఆలస్యం. కానీ తిథి ముగిసే క్షణం మాత్రం అన్ని ఊళ్ళకీ ఒకటే. రెండు పంచాంగాలు అదే క్షణాన్ని గంటల తేడాతో అచ్చేశాయంటే తప్పు ఊరిది కాదు, చంద్రుడి మోడల్‌ది.

చంద్రుడు భూమికి దగ్గరైతే వేగంగా, దూరమైతే నెమ్మదిగా నడుస్తాడు. దీనికి చేసే సవరణ గరిష్ఠంగా 6.29 డిగ్రీలు. సూర్యుడి ఆకర్షణ వల్ల ఎవెక్షన్ అని ఇంకోటి ఉంది, అది 1.27. ఇలాంటివి జాన్ మీయస్ పుస్తకంలో ఒక్క లాంగిట్యూడ్‌కే అరవై దాకా ఉంటాయి, స్విస్ ఎఫిమెరిస్ అయితే నేరుగా నాసా జేపీఎల్ లెక్కల మీద కూర్చుంటుంది. సూర్యసిద్ధాంతంలో ఉన్న సవరణ ఒక్కటే, సుమారు 5 డిగ్రీలు.

ఇదేంటి 6.29 కదా అనిపించింది. తీరా చూస్తే అమావాస్య, పున్నములప్పుడు ఎవెక్షన్ ఎదురు తిరుగుతుంది: 6.29లోంచి 1.27 పోతే 5.02! అంటే పాతవాళ్ళు గ్రహణాలు చూసి మోడల్ సరిచేసుకున్నారన్నమాట. వాళ్ళ టెస్ట్ కేసులన్నీ గ్రహణాలే, అవన్నీ పాస్. అష్టమి దగ్గర మాత్రం ఆ 1.27 కలుస్తుంది, 7.56 అవుతుంది. రెండున్నర డిగ్రీల తేడా, టైములో అయిదు గంటల దాకా. పాత పద్ధతిలో తిథి 5 ఘడియలు పెరుగుతుంది, 6 తగ్గుతుంది (బాణవృద్ధి, రసక్షయం). దృక్ పద్ధతిలో 7 పెరిగి 10 తగ్గుతుంది. తేడా అంతా ఇదే.

మనవాళ్ళకి ఇది తెలియదనుకోకండి. ఒడిశాలో పఠాణి సామంత (1835-1904) టెలిస్కోపు లేకుండా, వెదురు గొట్టాలూ కర్రలతో ఆకాశం కొలిచి ఈ సవరణలు పట్టుకున్నాడు. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన కేంద్రం ఒక కమిటీ వేసింది, 1957 నుంచి రాష్ట్రీయ పంచాంగం దృక్ లెక్కతోనే వస్తోంది.

ఇదంతా చదువుకుని నేను వీర దృక్ వాదినైపోయా. పాత పద్ధతివాళ్ళలో కూడా కొందరు గ్రహణం వేళలు కొత్త లెక్కతోనే వేసుకుంటారు, మరి అష్టమి ఏం పాపం చేసింది?

సరిగ్గా అప్పుడే మా జేజినాయన తద్దినం వచ్చింది. బహుళ అష్టమి. గోడమీద క్యాలెండరు ఒక తారీఖు అంటుంది, శాస్త్రిగారి పంచాంగం దాని ముందు రోజు అంటుంది. "మీ జేజినాయన వాళ్ళ నాయనకి ఈ పంచాంగంతోనే పెట్టినాడప్పా" అన్నారు శాస్త్రిగారు. నేను లాప్‌టాప్ తీసి అమావాస్య, అష్టమి లెక్క మొత్తం వినిపించా. ఆయన ఓపిగ్గా విని, "అయితే ఆయన పోయిన గడియకి కూడా నీ లెక్క వేసి చూడు" అన్నారు.

వేశాను. ఆయన పోయింది రాత్రి ఎనిమిదిన్నరకి. పాత పంచాంగం చూసి అష్టమి అని రాసుకున్నారు. నా ప్రోగ్రాం ప్రకారం ఆ టైముకి ఇంకా సప్తమే.

పాత వెర్షన్‌లో దాచిన డేటాని కొత్త వెర్షన్‌తో చదివితే ఏమవుతుందో మనకి కొత్త కాదు. మారిస్తే రెండూ మార్చాలి, అంటే ఇన్నేళ్ళూ పెట్టిన అష్టమి వదిలేసి సప్తమికి రావాలి. ఆ మాట మా జేజికి ఎవరు చెప్తారు? పెద్దనాయన నా వైపు చూశాడు, నేను లాప్‌టాప్ మూసేశా.

ఆకాశం విషయంలో నా అభిప్రాయం మారలేదు. కొత్తగా పుట్టే పిల్లల తిథులు దృక్ లెక్కతోనే రాసుకోవాలంటాను. జేజినాయనది మాత్రం అష్టమే, శాస్త్రిగారి అష్టమే. ప్రోగ్రాంలో ఆయన పేరు పక్కన పాత పద్ధతి అని ఒక ఫ్లాగ్ పెట్టా.