నాలుగు తాటిచెట్ల తీర్థయాత్ర

మా పిన్నికొడుకు లండన్‌లో ఉంటాడు. వాడికీ నాలాగే నడక పిచ్చి. నేను నడిచి నడిచి ఏ గుడి మెట్ల మీదో చతికిలబడతాను, వాడు బీరు దుకాణంలో చతికిలబడతాడు, అంతే తేడా. ఏడాదికోసారి నలుగురు స్నేహితులు పొద్దున్నే బయల్దేరి, ఊరంతా కాలినడకన తిరుగుతూ, ఒక్కో పబ్బులో అరగ్లాసు చొప్పున రుచి చూసుకుంటూ సాయంత్రానికి ఇల్లు చేరతారట. తాగి దొర్లడానికి కాదు సుమండీ! అక్కడ 'రియల్ ఏల్' అని ఒక రకం బీరుంది. పీపాలో పోశాక కూడా అది పులుస్తూనే ఉంటుంది. బయటి గ్యాసు ఎక్కించరు. ఫ్యాక్టరీ బీరు దాన్ని మింగేస్తోందని 1971లో నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒక సంఘం పెడితే, అదిప్పుడు లక్ష మందికి పైగా సభ్యులున్న సంఘమైంది.

"పీపా పీపాకీ రుచి మారుతుందక్కా, పూటపూటకీ మారుతుంది. బతికున్న సరుకది. మన దగ్గరికి రాదు, మనమే దాని దగ్గరికి నడిచి వెళ్ళాలి" అన్నాడు ఫోన్లో.

"ఆ మాత్రం దానికి లండన్ ఎందుకురా? మన ఉద్దానంలో తాటిచెట్టుకి వేలాడుతూంటేనూ!" అన్నాను.

అనడమైతే అన్నాను గాని, మనలాంటి ఇళ్ళల్లో ఆడదానికి కల్లు కంటికి అందే వస్తువే తప్ప నాలిక్కి అందేది కాదు కదా. నా నవలల్లో మూడింట కల్లుపాకలున్నాయి. ఒకదాంట్లో కథానాయకుడి తండ్రి తూలాడు కూడా. ఆ లొట్టిలో ఏముందో తెలియకుండానే ఆయన్ని అంతదూరం తూలించేశాను!

మార్చి నెలలో టెక్కలి వెళ్ళాను. మావారి అక్కగారిది ఆ ఊరే. ఉద్దానం పల్లెల్లో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నా కోరిక వినగానే ఆవిడ ముక్కున వేలేసుకుంటుందనుకున్నాను. "తాళ్ళు పారే కాలమే. నా పాత శిష్యురాలొకత్తె ఉంది, కబురు పెడతానుండు" అంది తాపీగా. మావారికి ఫోన్ చేస్తే మాత్రం కాసేపు చప్పుడు లేదు. "కల్లు తాగడానికి మా అక్కని తోడు తీసుకెళ్తున్నావా?" అన్నారు. "కాదు, ఆవిడే నన్ను తీసుకెళ్తోంది" అన్నాను. పెట్టేశారు.

చీకటుండగానే ఆటోలో పూండి చేరాం. అక్కణ్ణుంచి సముద్రం దాకా నడక. మా వదిన శిష్యురాలు స్టేషన్ దగ్గర నిలబడి ఉంది. నలభై దాటి ఉంటాయి. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ గీతే వృత్తి. "టీచరమ్మా, ఇంత ఎండల్లో నడిసీగలరా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, ముందు నడిచింది.

మొదటి చెట్టు కింద ఆవిడ మరిది అప్పుడే దిగుతున్నాడు. యాభై అరవై అడుగుల చెట్టు, నడుముకి మోకు, కాళ్ళకి బంధం, వెనక కత్తి. గెల చివర రోజూ పల్చగా చెక్కుతూ ఉండాలిట. ఒక పూట చెక్కకపోతే ధార ఆగిపోతుంది. చెట్టు మనిషి కోసం ఆగదు, జ్వరమొచ్చినా పండగొచ్చినా ఎక్కాల్సిందే. ఈ మాట విన్నప్పుడు నాకు మన వంటిళ్ళు గుర్తొచ్చాయి. ఏం చేస్తాం!

ఆ లొట్టికి లోపల సున్నం పూశారు. సున్నం ఉంటే పులవదు, అదే నీరా. తాటాకు దొన్నెలో పోసిచ్చింది. చల్లగా, చెరుకు రసం కన్నా పల్చటి తీపి, చివర్న లేత ముంజె వాసన. "ఇది పసిపిల్లలికీ పడతాది" అందావిడ. మా వదిన రెండు దొన్నెలు పుచ్చుకుంది.

రెండో చెట్టు దగ్గరికి వెళ్ళేసరికి ఎండెక్కింది. ఇక్కడ లొట్టికి సున్నం లేదు. పాత లొట్టి గోడలకి అంటుకున్న పులుపే కొత్త కల్లుని పులియబెడుతుంది, మనం పెరుగు తోడేసినట్టు. తీపి సగానికి దిగి, నాలిక మీద సన్నగా చిటపటలాడింది. రెండు గుక్కలు తాగి దొన్నె వంచేశాను. పొద్దున్న పాలలాంటిది మధ్యాహ్నానికి బీరంత ఘాటెక్కుతుంది, మరునాటికి వెనిగరే! కేరళలో అప్పాల పిండి పొంగేది ఈ గుణం వల్లే.

ఎవరో ఒకరు అనుకుంటారు, ఈవిడ తాగుడికి వత్తాసు పలుకుతోందని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడినప్పుడు నేను ఏడో తరగతి. మా అమ్మ పేపరు చదివి కళ్ళు తుడుచుకోవడం నాకు గుర్తే. సారా పోయింది, 1995లో మద్యమే పోయింది, 1997లో సీసా మళ్ళీ దర్జాగా వచ్చి కూచుంది. కల్లు మత్తెక్కించదని నేననను. కాని సీసాకి ఊరూ పేరూ ఋతువూ ఉండవు, అర్ధరాత్రి కూడా అదే రుచి. దీనికి ఓ మనిషి రోజూ ప్రాణం పణంగా పెట్టి ఎక్కాలి. రెండింటినీ ఒకే గాటన కడితే నష్టపోయేది ఎక్కేవాడే. 1948లో మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం వచ్చినప్పుడు గీతవాళ్ళకి పని పోయింది. ఈ తీరంలోనే, బారువలో 1909లో పుట్టిన గౌతు లచ్చన్నగారు వాళ్ళ పక్షాన నిలబడ్డారు. చివరికి 1954లో ఆంధ్ర రాష్ట్రపు తొలి ప్రభుత్వం, ప్రకాశం పంతులుగారంతటి వారి ప్రభుత్వం, ఈ నిషేధం గొడవ మీదే ఒక్క ఓటుతో పడిపోయింది. తాటిచెట్టు మీంచి పడ్డదంటే తప్పులేదు!

దారి పొడుగునా జీడితోటలూ, కొబ్బరితోటలూ. ఉద్యానమే ఉద్దానమైందంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తోటల్ని పీకి పారేసింది. మళ్ళీ నాటిన చెట్లు, వాటి మధ్య తల తెగిన మొండి మానులు. ఒక తోటలో బోండాలు కొట్టించబోతే మా మార్గదర్శి తనకి వద్దంది. "ఇంటికాడ ఆయన తాగకూడదు. ఆయన్ని ఒగ్గేసి నానేటి తాగుతాను?" అంది.

అప్పుడు చెప్పింది. భర్తకి కిడ్నీలు చెడ్డాయి. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్. ఉద్దానంలో ఇది ఇంటింటి కథ. ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా కారణం ఫలానా అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి మంచినీటి పథకం ప్రారంభించారు. అంతకు ముందే పాడైన కిడ్నీలు మాత్రం బాగుపడవు కదా. ఆ మనిషికి రోజంతా కలిపి ఒక చిన్న సీసాడు నీళ్ళు. పొటాషియం ఎక్కువని కొబ్బరినీళ్ళు పూర్తిగా మానిపించారు. కొబ్బరితోటల నడుమ ఉంటూ!

మూడో చెట్టు సంగతి పెద్దగా చెప్పడానికి లేదు. కల్లు పుల్లగా ఉంది, నాకు పళ్ళు జివ్వుమన్నాయి. మా వదిన దొన్నె వాసన చూసి మర్యాదగా తిరిగిచ్చేసింది.

నాలుగోది మంచినీళ్ళపేట వైపు, ఇసక దిబ్బల మీద. ఊరి పేరు చూశారా! అది పెంటితాడి. పొద్దున దింపిన కల్లు ఓ నీడపట్టున ఉంచారు. ఇది మిగతా మూడింటిలా లేదు. ముందు పులుపు, తర్వాత ఎక్కడో తీపి, గొంతు దిగాక కాస్త ఉప్పన, ఆ పైన ఇంకేదో. ఆ ఇంకేదోకి మాట దొరక్క కాసేపు నిలబడిపోయాను. పాతిక నవలలు రాసినదాన్ని!

వాళ్ళిల్లు అక్కడికి దగ్గరే. ఆయన అరుగు మీద నులకమంచంలో కూర్చుని ఉన్నాడు. పాదాలు వాచి ఉన్నాయి. మూడేళ్ళయిందిట చెట్టెక్కి. మోకు ఇంకా గోడకి వేలాడుతోంది, పక్కనే గూట్లో ఆ చిన్న నీళ్ళసీసా. మా వదినకి దణ్ణం పెట్టి, నా వంక తిరిగాడు.

"ఎలగున్నాదమ్మా కల్లు?"

బావుందని ఊరుకోవచ్చు. కాని ఆయన అడిగిన తీరు అలా లేదు. అంచేత మొదటి చెట్టు దగ్గర్నుంచీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. "అది స్టేషన్ కాడి పోతుతాడి" అన్నాడు మొదటిదానికి. రెండోదానికి, "గుంటగట్టు మీదిది". మూడోదానికి నవ్వి, "అదెప్పుడూ అంతే. దానికి కోపమెక్కువ" అన్నాడు.

నాలుగోది చెప్పడం మొదలెట్టాను. పులుపన్నాను, తీపన్నాను, ఉప్పగాలన్నాను. ఆ మిగిలినదానికి తడుముకుంటూ, "తొలకరికి తడిసిన మట్టిలా..." అన్నాను.

ఆయన కళ్ళు తెరిచి భార్య వంక చూశాడు.

"దిబ్బ మీది దానికి లొట్టి మార్చినారేటే?"

"అవును, పాతది పగిలిపోనాది. మొన్నే కొత్తది కట్టినాడు" అంది ఆవిడ, దొన్నెలు సర్దుతూ.